ఏడు అంటే

మా చెల్లెలి వంటింట్లో పేరు లేని డబ్బా ఉండదు. ఉప్పు డబ్బా మీద ఉత్త "ఉప్పు" అని రాసి ఊరుకోదు. "ఉప్పు, మెత్తది, మూత బిగువు" అని రాస్తుంది. ఏదో ఒకరోజు తాను నిద్రలో ఉండగా తన నుదుటి మీద కూడా చీటీ అంటిస్తుందని మా బావ, అంటే ఆమె భర్త, ముప్పై ఏళ్ళుగా అంటూనే ఉన్నాడు. దాని మీద ఏం రాసి ఉంటుందని అడిగితే, "మొగుడు, పాతది, మూత వదులు" అంటాడు.

నేను కాలు ఒకచోట నిలవని మనిషిని. ఎన్ని ఊళ్ళు తిరిగినా ఏడాదిలో రెండు నెలలు ఆ ఇంటి ముందు గదిలో మడత మంచం వేసుకుంటాను. నేను చదివిన పుస్తకాల్లో సగం నిఘంటువులే. రైల్లో ఎదుటివాళ్ళు వారపత్రిక తీస్తే నేను సంచిలోంచి ఇటుకంత నిఘంటువు తీసేవాణ్ణి. పక్కవాడు జరిగి కూర్చునేవాడు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ఈ కథలోని తప్పులో నాకూ వాటా ఉంది. అది దాని చోట వస్తుంది.

చెల్లెలు చెవి మిషన్లు తయారుచేసే కంపెనీలో పనిచేస్తుంది. వినపడనివాళ్ళు చెవిలో పెట్టుకునే చిన్న మిషన్లు. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసు. ఆఫీసులో అందరూ "చీటీలమ్మ" అంటారు, ఎదురుగానే అంటారు. మిషన్ కొన్నవాళ్ళకు రెండు వారాల తర్వాత ఫోన్ చేసి, సరిగ్గా కూర్చుందా, చెవి నొప్పి పెడుతోందా, ఈల వేస్తోందా అని కనుక్కోవడం ఇప్పుడామె పెద్దగా ఉన్న సెక్షన్ పని. జవాబును బట్టి కంప్యూటర్లో ఒక గడిలో అంకె వేయాలి. ఒకటి అంటే బాగుంది, రెండు అంటే సర్దాలి, అలా ఆరు దాకా. ఆరు అంటే నంబరు తప్పు.

వినపడనివాళ్ళకు ఫోన్ చేసి "వినపడుతోందా" అని అడగడమేమిటని మీరు నవ్వుకోవచ్చు. అక్కడ చేరిన కొత్తలో అందరూ నవ్వుతారట. నెల తిరిగేసరికి ఆ నవ్వు గొంతులోకి దిగుతుంది. రోజుకు నలభై మందితో అరిచి అరిచి, సాయంత్రానికి చెల్లెలు ఇంట్లో సైగలతో మాట్లాడేది. ఆ రోజుల్లో ఇల్లు ప్రశాంతంగా ఉండేదని బావ ఇప్పటికీ తలుచుకుంటాడు. ఆమె సంచిలో ఏది ఉన్నా లేకపోయినా గొంతు బిళ్ళల డబ్బీ మాత్రం ఉండేది. దాని మీదా చీటీ ఉండేది.

కిందటి ఏడు ఆ కంపెనీలో కొత్త పని ఒకటి మొదలైంది. డేటా కేటలాగ్, పదకోశం అన్నారు. అదేమీ బ్రహ్మవిద్య కాదు. కంపెనీ కంప్యూటర్లలో ఇన్నేళ్ళుగా పోగుపడిన వివరాలు ఎక్కడెక్కడ ఉన్నాయి, వాటిలో ఏ మాటకు ఏమి అర్థం, దానికి పూచీ ఎవరిది అన్నది ఒక్కచోట రాసిపెట్టడం. గ్రంథాలయంలో కార్డుల సొరుగు ఉంటుంది చూడండి, అలాంటిది. ఒక్కో గడికి ఒక అర్థం, ఒక యజమాని. పూచీ ఉన్న మనిషిని వాళ్ళు యజమాని అంటారు. ఈ పని చేయించడానికి బయటినుంచి ఒక అమ్మాయి వచ్చింది. పేరేదైనా అందరికీ ఆమె కేటలాగ్ అమ్మాయే. నెమ్మదస్తురాలు. చేతిలో ఎప్పుడూ రంగురంగుల చీటీల కట్ట. మా చెల్లెలికి మొదటి చూపులోనే నచ్చేసింది.

మొదటి నెల చెల్లెలు ఇంటికి పెళ్ళివారింటి కబుర్లు మోసుకొచ్చినట్టు ఆ సంగతులు మోసుకొచ్చేది. "కస్టమర్ అంటే ఎవరు?" అన్న ఒక్క మాట మీద మూడు రోజులు కొట్టుకున్నారట. కొన్నవాడు అని అమ్మకాలవాళ్ళు, రసీదు మీద పేరున్నవాడు అని లెక్కలవాళ్ళు. వర్క్‌షాపువాళ్ళు మటుకు చెవి అన్నారు. వాళ్ళు ఇన్నాళ్ళూ మనుషుల్ని కాదు, చెవుల్ని లెక్కపెడుతున్నారు. అందుకే ప్రతి ఏడాది నివేదికలో వాళ్ళకు కస్టమర్లు దాదాపు రెట్టింపు. ఇది విని నేను పడీపడీ నవ్వాను. నిఘంటువు ప్రేమికుడికి ఇంతకన్నా పండగ ఏముంటుంది?

ఆ తర్వాత ఒక బుధవారం ఆమె వచ్చి, చెప్పులు విప్పి, నేరుగా వంటింట్లోకి వెళ్ళింది. కాసేపటికి చూస్తే గట్టు మీద చీటీలున్న డబ్బాలన్నీ గోడవైపు తిప్పి ఉన్నాయి.

జరిగింది ఇది. ఆరు దాకానే ఉండాల్సిన ఆ గడిలో కేటలాగ్ అమ్మాయికి ఏడు కనపడింది. ఒకటీ అరా కాదు, రెండువేల మూడువందల పదహారు చోట్ల. ఏడు అంటే ఏమిటని మీటింగులో అడిగింది. అమ్మకాల పెద్దాయన తడుముకోకుండా, అది సంతృప్తి పడినవాళ్ళ అంకె అన్నాడు. ఏడు పడ్డవాళ్ళ నుంచి ఫిర్యాదే రాదట, ఆ లెక్కన సంతృప్తి ఏటేటా పెరుగుతోందని పై వాళ్ళకు రాసి పంపుతున్నాడు కూడా. వర్క్‌షాపువాళ్ళేమో వేరే కంపెనీకి పోయినవాళ్ళు అనుకుంటున్నారు. సెక్షన్‌లో కొత్తగా చేరినవాళ్ళు, "పాతవాళ్ళు వేస్తుంటే మేమూ వేశాం" అన్నారు. ఎవరో వెనకనుంచి, ఏడు అంటే ఏడవమనేమో అన్నారట. అందరూ నవ్వారు. చెల్లెలూ నవ్వింది. ఆ నవ్విన సంగతే నాకు మూడుసార్లు చెప్పింది.

ఎందుకంటే ఆ ఏడు ఆమె పుట్టించినదే. పన్నెండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం బల్ల మీద ఫోన్ చేయాల్సినవాళ్ళ కార్డులు నాలుగు వందలు పేరుకుపోయి ఉన్నాయి. గొంతు పూర్తిగా పోయింది. ఇంట్లో రోగమూ లేదు, కష్టమూ లేదు. ఇంకొక్క మనిషితో అరవబుద్ధి కాలేదు, అంతే. ఫోన్ చేయకుండానే ఒక కార్డుకు ఏడు వేసింది. తర్వాత చేద్దామని దాని అర్థం. ఆ సాయంత్రానికి అరవై అయ్యాయి. ఆ "తర్వాత" అన్నది ఎప్పుడూ రాలేదు. ఆమె ఏడు ఎలా వేస్తోందో చూసి మిగతావాళ్ళూ నేర్చుకున్నారు.

"శుక్రవారం లోపల అర్థం రాసివ్వమంది ఆ పిల్ల. నన్నే రాయమంది. నాకన్నా పద్ధతైన మనిషి ఆఫీసులో లేదంది అన్నయ్యా," అంది గోడవైపు తిరిగి ఉన్న డబ్బాలతో.

ఇక్కడ వస్తుంది నా వాటా. చెల్లెలి మొహం చూడలేకపోయాననడం సగం నిజం. మాటల మనిషినన్న గర్వం మిగతా సగం. "స్పందన లభించలేదు" అని రాయమన్నాను. అబద్ధం కాదు చూడు, ఫోన్ చేయనప్పుడు స్పందన ఎక్కడినుంచి లభిస్తుంది? ఎవరు అడిగారు, ఎవరు అడగలేదు అన్నది ఆ వాక్యంలోకి రానే రాదు. మన భాషలో పని చేసినవాణ్ణి వాక్యం బయట నిలబెట్టి తలుపు వేసేయడం ఎంత సులువో నాకు బాగా తెలుసు. ఎన్ని ప్రభుత్వ ప్రకటనలు చదివాను!

ఆమె అదే రాసింది. మీటింగులో మెచ్చుకున్నారు, ఇంత క్లుప్తంగా ఎవరూ రాయలేదన్నారు. యజమాని గడిలో "కస్టమర్ సెక్షన్" అని పడింది. డబ్బాలు మళ్ళీ ఇటు తిరిగాయి.

అయితే పదకోశంలోకి ఎక్కిన మాట ఊరికే కూర్చోదు. నెల తిరక్కముందే దాన్ని చదివి అమ్మకాల పెద్దాయన ఒక నిర్ణయం తీసుకున్నాడు. కంపెనీ ఆ ఏడాది నుంచి పాత కస్టమర్లను పిలిచి ఉచితంగా మిషన్లు పరీక్షించి ఇవ్వబోతోంది. ఎంత అడిగినా స్పందించనివాళ్ళను ఆ జాబితాలో మోయడం దేనికి, రెండువేల మూడువందల పదహారు పేర్లూ వచ్చే శుక్రవారం తీసేయండి అన్నాడు. అంటే నేను రాయించిన ఆ వాక్యం మా తప్పును ఎత్తి వాళ్ళ నెత్తిన పెట్టింది. ఇక ఎవరూ వాళ్ళకు ఫోన్ చేయరు.

సోమవారం చెల్లెలు ఆ జాబితా అచ్చు తీయించి, మొట్టమొదటి పేరుకు ఫోన్ చేసింది. తాను మొదటి ఏడు వేసిన మనిషి. ఒక వడ్రంగి. రెండో మోతకే ఎత్తారు. మగ గొంతనుకుని "అయ్యా" అంది.

"అయ్య కాదండీ, అమ్మనే. మా ఆయనకి వినపడదు, ఏదున్నా నాకే చెప్పండి. గొంతు చూసి అందరూ అలాగే అనుకుంటారు. పన్నెండేళ్ళు ఒకే మనిషితో అరవండి, మీకూ ఇదే గొంతు వస్తుంది."

తర్వాత ఆవిడ తీరిగ్గా చెప్పుకొచ్చిందట. కొన్న రోజునుంచే మిషన్ ఈల వేసేది. ఆఫీసువాళ్ళు రెండు వారాల్లో ఫోన్ చేస్తారు, అప్పుడు చెబుదామని ఆయన ఫోన్ పక్కనే కూర్చునేవాడు. మోగితే వినపడదు కనుక దాని మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చునేవాడు, వణికితే తెలుస్తుందని. చెక్క పని చేసిన చెయ్యి. నెల రోజులు అలా చూసి, లోపం మిషన్‌లో లేదేమో, తనకే పెట్టుకోవడం రాలేదేమో, అడిగితే నవ్వుతారని సిగ్గుపడి సొరుగులో పెట్టేశాడు. చెవిలో కూర్చునే తొడుగు కొలత తప్పితే ఈల వేస్తుంది. కొత్త కొలత తీయడం పది నిమిషాల పని.

చెల్లెలు వాళ్ళను గురువారం రమ్మంది. రమ్మనేటప్పుడు ఆమె మనసులో ఉన్నది కూడా నా దగ్గర దాచలేదు. అలా ఒక్కొక్కరినీ పిలిపించి గుట్టుచప్పుడు కాకుండా సర్దేస్తే ఎవరికీ తెలియనక్కర్లేదు కదా అని.

గురువారం ఇద్దరూ వచ్చారు. వర్క్‌షాపు ముందు బెంచీలున్న హాలు. నిండా జనం. ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి, కొలత కోసం రెండు చెవుల్లోనూ గులాబీ రంగు పిండి లాంటిది కూరారు. గట్టిపడటానికి ఐదు నిమిషాలు పడుతుంది. అసలే వినపడదు, ఆపైన రెండు చెవులూ మూసేశారు. ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఫోటో దిగుతున్నవాడిలా కూర్చున్నాడు. భార్య మా చెల్లెలి చెయ్యి పట్టుకుని, ఇన్నాళ్ళకైనా గుర్తుపెట్టుకుని పిలిచారు, మీ కడుపు చల్లగా ఉండాలి అంది, ఆ చెక్క గీసినట్టున్న గొంతుతో.

ఆ దీవెన చెల్లెలు మోయలేకపోయింది. ఆయనకు ఎదురుగా వంగి, "అప్పుడు మీకు నేను ఫోన్ చేయలేదండీ," అంది.

"ఏంటమ్మా? కాస్త గట్టిగా చెప్పు," అన్నాడాయన.

మళ్ళీ చెప్పింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. మూడోసారి ఇరవై తొమ్మిదేళ్ళ అలవాటుగా అరిచింది. "నేను ఫోన్ చేయలేదు. చేయకుండానే చేసినట్టు అంకె వేశాను." హాల్లో ప్రతి బెంచీ ఇటు తిరిగింది. హాలు పక్కనున్న అద్దాల గదిలో కేటలాగ్ అమ్మాయి లేచి నిలబడింది.

"చేయలేదని నాకు తెలుసుగా," అన్నాడు వడ్రంగి అందరికీ వినపడేట్టు. "ఆ మాత్రానికి అంత అరవాలా?"

ఎవరో నవ్వారు. ఆయన భార్య నవ్వలేదు. చెల్లెలి చెయ్యి వదిలేసి, ఆయన మెడ మీద కారిన పిండిని కొంగుతో తుడుస్తూ, ఇటు చూడకుండా అంది.

"నాకు మొదటిసారే వినపడింది."



ఆ సాయంత్రమే చెల్లెలు పదకోశంలో అర్థం మార్చింది. "ఏడు: మేము ఫోన్ చేయలేదు. కస్టమర్ తప్పు లేదు. ఈ అంకె మొదలుపెట్టింది నేను" అని రాసింది. కేటలాగ్ అమ్మాయి అది చదివి, "నిర్వచనంలో నేను అనే మాట ఉండకూడదు మేడమ్. పేరు యజమాని గడిలో పెడదాం," అందట. పెట్టింది. శుక్రవారం పేర్లు తీసేయడం ఆగింది. అమ్మకాల పెద్దాయన గదిలోకి పిలిపించి ఏమన్నాడో ఆమె మాకు చెప్పలేదు, మేమూ అడగలేదు. సెక్షన్ బాధ్యత ఇంకొకరికిచ్చి, ఈమెకు ఒక బల్ల, ఒక ఫోన్, ఆ జాబితా ఇచ్చారు.

ఇప్పుడు రోజుకు ముప్పై పేర్లు. కొందరికి మిషన్ కొన్న సంగతే గుర్తు లేదు. కొందరు తిడతారు, ఆ రోజు కాస్త తేలిగ్గా అన్నం తింటుంది. కొందరి ఇంట్లో, ఆ మనిషి ఇప్పుడు లేరండీ అంటారు. అలాంటివాళ్ళకు ఏ అంకె వేయాలో పదకోశంలో లేదు. గడి ఖాళీగా వదిలేస్తోంది. సాయంత్రానికి గొంతు ఉండదు. బావ జోకులు మానేసి సైగలు నేర్చుకుంటున్నాడు.

కేటలాగ్‌లో పాత అర్థాలు చెరిపేయరట. ఎవరు ఎప్పుడు ఏమి రాశారో కింద వరసగా ఉంచుతారు. అక్కడ "స్పందన లభించలేదు" అన్న మాట ఇప్పటికీ ఉంది, దాని కింద మా చెల్లెలి పేరుతో. ఆ పేరు తీయించి నాది పెట్టించమని ఆమెను అడిగాను. నువ్వు మా ఆఫీసు మనిషివి కాదు కదా అని సైగ చేసింది. అది నిజమే. మరుసటి ఉదయం సంచి సర్దుకోబోతే, ఇటుకంత నిఘంటువు మీద ముత్యాల్లాంటి అక్షరాలతో ఒక చీటీ అంటించి ఉంది. "అన్నయ్యది" అని.