సారక్క చూసిన నోళ్ళు

సారక్క రాజురా దవాఖానాలో ఆయాగా చేరినప్పుడు ఆ తాలూకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేది. రాష్ట్రాలను కొత్తగా విడదీసినప్పుడు బొంబాయి రాష్ట్రంలోకి పోయింది. మొదట నాందేడు జిల్లా అన్నారు, కొన్నాళ్ళకు చాందా జిల్లా అన్నారు. ఉర్దూ మాట్లాడే పాత డాక్టరు హైదరాబాద్ వెళ్ళిపోయాడు. మరాఠీ డాక్టర్లు వచ్చేవారు, ఊరి దారులు తెలిసేలోపే బదిలీ మీద పోయేవారు. సారక్క మాత్రం ఎక్కడికీ పోలేదు. రోగులు తెలుగులో చెప్పుకున్నది డాక్టరుకు మరాఠీలో చెప్పడం, డాక్టరు కసిరింది రోగులకు మెత్తగా చెప్పడం కూడా ఆమె పనే అయింది. సాయంత్రం ఇల్లు చేరాక భర్త ఎర్రయ్యతో కూడా ఏ భాషలోనూ మాట్లాడబుద్ధయ్యేది కాదు.

ఆమె ఇంటి వెనక వాడలో భూదేవి అనే ముసలామెకు పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయింది. తిన్న రొట్టె కుడి బుగ్గలోనే ఉండిపోయేది, ఆమెకు తెలిసేది కాదు. కోడలు దగ్గరికి పోతే వాసన భరించలేక ముఖం తిప్పుకునేది. చూడలేక సారక్క రోజూ పొద్దున డ్యూటీకి పోతూ వేలికి మెత్తని గుడ్డ చుట్టి, ఉప్పునీళ్ళలో ముంచి ఆ నోరు తుడిచేది. ఒకనాడు గుడ్డకు నెత్తురంటింది. బుగ్గ లోపల రూపాయంత పుండు కనిపించింది.

డాక్టరును బతిమాలి తీసుకొచ్చి చూపించింది. భూదేవి ఏళ్ళుగా మిశ్రీ, అంటే కాల్చిన పొగాకు పొడి, పళ్ళకు రుద్దుకునే మనిషి. ఆయన చాలాసేపు చూసి, ఇది చెడ్డ పుండు, క్యాన్సర్ కావచ్చు, చాందాలో పళ్ళ డాక్టరుకు చూపించండి అన్నాడు.

భూదేవి కొడుకు పోశం వినలేదు. "ఈ వయసుల చాందా దాక ఎందుకు సారక్కా? అవ్వను గోస పెట్టుడే గదా."

"గోస ఇప్పుడు పడుతలేదా? నీకు కనబడుతలేదు, గంతే. నువ్వు బండి కట్టు, నేను ఎంట వస్త."

ఎద్దుల బండిలో వార్ధా నది దాకా పోయి, పడవలో దాటి, బామ్ని మీదుగా బల్లార్షా చేరి అక్కడ రైలెక్కారు. ముసలామె తల దారి పొడుగునా సారక్క ఒళ్ళోనే ఉంది. ఆమె నోటి నుంచి కారే చొంగను తుడిచీ తుడిచీ సారక్క చీర కొంగు తడిసిపోయింది.

చాందా పళ్ళ డాక్టరు పెద్దవాడు, నెమ్మదస్తుడు. పుండుకు ఎదురుగా విరిగి మొనదేలిన దవడపన్ను ఒకటి ఉంది. తిమ్మిరెక్కిన బుగ్గను అదే రోజూ కోస్తోంది. దాన్ని పీకేశాడు. నెల లోపల పుండు మానకపోతే నాగపూర్ పోవాలని, నోరు రోజూ శుభ్రం చేయాలని చెప్పాడు. ఎవరు చేస్తారని అడగలేదు. పోశం సారక్క వైపు చూశాడు.

వాళ్ళు లేవబోతుంటే డాక్టరు ఆపాడు. "తోండ్ ఉఘడ్," అన్నాడు.

నోరు తెరవమంటున్నాడని ముసలామెకు చెప్పబోయింది సారక్క. ఆయన తల అడ్డంగా ఊపి వేలు సారక్క వైపే చూపించాడు.

సారక్క కొంగు అడ్డం పెట్టుకుంది, తర్వాత తీసి నోరు తెరిచింది. ఆమె చిగుళ్ళ నుంచి చీము కారుతోంది, ముందుపళ్ళు ఊగుతున్నాయి. కొన్నేళ్ళుగా ఒకవైపే నమిలి తింటోంది.

"ఇన్ని దినాలు చెప్పకపోతివేంది?" అన్నాడు పోశం.

"ఎవలికి చెప్పాలె?" అంది సారక్క. ఆ మాట అంటుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎందుకో ఆమెకే తెలియలేదు.

భూదేవి పుండు మానింది. చెడ్డది కాదు. సారక్క పళ్ళు మాత్రం నిలవలేదు. చాందా పోయినప్పుడల్లా కొన్ని పీకించుకుంది. పళ్ళు లేక మాట ముద్దగా వచ్చి, చాన్నాళ్ళు ఆమె మరాఠీ డాక్టరుకూ అర్థం కాలేదు, ఆమె తెలుగు రోగులకూ అర్థం కాలేదు. పప్పుచారులో రొట్టె నానబెట్టుకుని తినేది. దవాఖానాకు జ్వరమని వచ్చినా, కాలు నొప్పని వచ్చినా మిశ్రీ రుద్దే ఆడవాళ్ళను వెలుతురులోకి తీసుకుపోయి నోరు చూసేది. కొందరు తిట్టేవారు, కొందరు చూపించేవారు.

భూదేవి ఇంకో రెండేళ్ళు బతికింది. సారక్క ఒక్క రోజు కూడా ఆ నోరు తుడవడం మానలేదు. చివరికి ముసలామె పోయిన మర్నాడు సారక్క దవాఖానాకు సెలవు పెట్టింది. ఎర్రయ్య చాయ్ కాచి రెండుసార్లు పిలిచాడు. ఆమె లేవలేదు. గోడ వైపు తిరిగి మధ్యాహ్నం దాకా పడుకునే ఉంది.