ఎంగిలి అంటని చోటు

అమ్మ పోయిన ఏడాదికి మా తమ్ముడు అమ్మ పేరు పచ్చబొట్టు పొడిపించుకుంటానన్నాడు. కుడి ముంజేతి లోపలివైపు, అన్నం కలిపేటప్పుడల్లా కళ్లబడేలా. వాడికి చివరిదాకా అన్నం కలిపి పెట్టింది అమ్మే. మీసాలొచ్చినవాడికి ఇంకా ముద్దలేమిటని నేను ఎన్నిసార్లు దెప్పానో.

నాయన ఒప్పుకోలేదు. మా ఇంట్లో ఎంగిలి పట్టింపు అలాంటిలాంటిది కాదు. తిన్న చేత్తో చెంబు ముట్టుకుంటే ఆ చెంబు మళ్లీ తోమాల్సిందే.

"చారు మోచేతిదాకా కారుతాది. మీ అమ్మ పేరు ఎంగిలి చేతిమీదనా? వద్దురా," అన్నాడు.

పోనీ ఎడమచెయ్యి అని నేను నోరుజారితే, ఇంకా నయం, అది దేనికి వాడే చెయ్యో తెలియదా అన్నట్టు ఉరిమి చూశాడు. చివరికి మోచేతికి పైన, భుజం కింద అని తేల్చాడు. తానే వెంట వెళ్లి దగ్గర కూర్చుని వాడికి పొడిపించి తీసుకొచ్చాడు. తమిళనాట పుట్టినవాళ్లం, మాకు తెలుగు మాటే గానీ రాత రాదు. తమిళ అక్షరాల్లో అమ్మ పేరు వాడి దండచేతి మీద చక్కగా కుదిరింది. మురిసిపోయాం ముగ్గురమూ.

తమ్ముడికి చిన్నప్పటినుంచీ మిలిటరీ పిచ్చి. తెల్లవారకముందే లేచి తళవాయిపురం రోడ్డు మీద పరుగెత్తేవాడు. బ్యాండేజీ గుడ్డ నేసే మిల్లులో రాత్రి షిఫ్టు ముగించుకుని వచ్చే నాయన, వాడు ఎదురైతే సైకిలు దిగి, కనుమరుగయ్యేదాకా చూసేవాడట. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయన మొహం వెలిగిపోయేది.

రాతపరీక్ష పాసయ్యాడు. పరుగులో ముందు వరసలో వచ్చాడు. వైద్యపరీక్షలో చొక్కా విప్పమన్నారు. అంతే. పచ్చబొట్టు ముంజేతి లోపలివైపు ఉండొచ్చట, అరచేతి వెనకవైపు ఉండొచ్చట, మరెక్కడా ఉండకూడదట. ఉండొచ్చన్నది వాడు మొదట అడిగిన చోటే! ఏ మహానుభావుడు రాశాడో గానీ, ఆ నియమం తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మోచేతికి పైన అమ్మ ఉంటే వాడు తుపాకీ ఎత్తలేడా?

మదురైలో లేజరుతో తీయించవచ్చని ఎవరో చెప్పారు. తమ్ముడు రెండురోజులు అన్నం ముట్టలేదు, తరవాత సరేనన్నాడు. పోయివచ్చిన ప్రతిసారీ ఒక అక్షరం పలచబడేది. నేను ఆ చెయ్యి చూడలేక వంటింట్లోకి పోయి ఏడ్చేదాన్ని. పేరు పూర్తిగా పోయేసరికి సెలక్షన్‌కి వాడి వయసు దాటిపోయింది. ఇప్పుడు వాడూ నాయన పనిచేసే మిల్లులోనే గుడ్డ చుట్టలు లారీకెక్కిస్తున్నాడు. పరుగు మానేశాడు.

మొన్న మా అత్తగారి ఊరు సేత్తూరు నుంచి పుట్టింటికి వెళ్లి ఇద్దరికీ వడ్డించాను. తమ్ముడు తిని పెరట్లోకి వెళ్లాడు. ఎప్పుడూ లేనిది, నాయన చెంబు తీసుకుని వాడి చేతిమీద నీళ్లు పోశాడు. వేళ్లు కడిగాక ముంజేతి మీద పోశాడు. చెంబు ఖాళీ అయితే తొట్టిలో ముంచి మళ్లీ పోశాడు.

"చాలు నాయనా, పోయింది," అన్నాడు తమ్ముడు.

నాయన ఆపలేదు. తల ఎత్తకుండానే నాతో అన్నాడు:

"చూసినావామ్మా, రెండు చెంబుల నీళ్లు పోస్తే పోయే ఎంగిలికి, ఆ పొద్దు వద్దంటిని."