బావ బండి నేను చాలు చేయలేదు

ఐదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. దాని మీద నాకు విసుగు, నా మీద అంతకన్నా విసుగు. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

మా అక్క భర్త యాదగిరి బావకు పికప్ బండి ఉండేది. బాటసింగారం మార్కెట్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ తోపుడు బండ్లకు పండ్లు తెచ్చేవాడు. కాలు విరిగి నల్లగొండ పక్కన తన ఊరికి వెళ్తూ, కర్మన్‌ఘాట్‌లో మా ఇంటి పక్క ఖాళీ జాగాలో బండి పెట్టించి, తాళం నా చేతికిచ్చాడు. వారానికోసారి తాళం తిప్పి చాలు చేయాలి. పావుగంట ఇంజన్ నడవనివ్వాలి. కాస్త ముందుకూ వెనక్కూ జరపాలి. అంతే పని.

రెండు వారాలు చేశాను. మూడో వారం బ్యాటరీ దిగిపోయింది. నలుగురిని బతిమాలి తోయిస్తే బండి గోడ దాకా పోయి ఆగింది. నాకు చిర్రెత్తింది. డీజిల్ పోసేటప్పుడు ట్యాంకు మూత ఎక్కడ పెట్టానో దొరకలేదు, ట్యాంకు నోట్లో గుడ్డ కుక్కాను. బండి మీద కప్పిన టార్పాలిన్ గాలికి ఎగిరిపోతే మళ్లీ కట్టలేదు. వానలు వచ్చాయి. టైర్లు కూలబడ్డాయి. బానెట్ కింద ఎలుకలు కాపురం పెట్టాయి.

బావ మాత్రం ప్రతి ఆదివారం ఫోన్ చేసేవాడు. నేను పనిచేసే చీరల దుకాణంలో ఆదివారమే జనం ఎక్కువ. చీర మడుస్తూ, "ఆ బావా, చాలు చేసిన" అనేవాణ్ణి. ఒక్కసారి "కాలేదు బావా" అంటే ఏం పోయేది? ఎవరినో పంపేవాడు. ఆ ఒక్క మాటకు నోరెందుకు రాలేదో ఇప్పటికీ నాకు తెలియదు. బద్ధకమా? కాదు, మొదటి అబద్ధం తర్వాత నిజం చెప్పాలంటే అంతకుముందు ఆదివారాలన్నీ ఒప్పుకోవాలి కదా, అదీ భయం.

పదకొండు నెలలకు బావ వస్తున్నానన్నాడు. ముందురోజు టైర్లకు గాలి కొట్టించాను, బ్యాటరీ చార్జింగ్ పెట్టించాను, ఎలుకల గూడు తీసి పారేశాను, కొరికిన వైర్లకు టేపు చుట్టించాను, పాత సామాన్ల దుకాణంలో వెతికి ట్యాంకుకు మూత కొన్నాను. ఈ కష్టంలో పదో వంతు ముందే పడితే సరిపోయేది.

బావ వచ్చి తాళం తిప్పితే బండి చాలు కాలేదు. డీజిల్ పంపు పట్టేసిందని తేలింది. ఆ పంపును, బావ ఊరికి వెళ్లే ముందే పెద్ద అంబర్‌పేట్‌లో మెకానిక్ నర్సింహ బాగుచేశాడు. బావకు పదిహేనేళ్ల దోస్తు. బావ నన్ను వెంటబెట్టుకుని వెళ్లి, గిరాకుల ముందే అతణ్ణి నిలదీశాడు.

"పంపుల నీళ్లు పోయినట్టున్నయి యాదగిరీ. దినాలకొద్దీ ఊకె పెడితే గిట్లనే అయితది" అన్నాడు నర్సింహ.

"ఊకె ఏడ పెట్టిన? మా బామ్మర్ది వారం వారం చాలు చేసిండు."

నర్సింహ నా వైపు తిరిగాడు. "తమ్మీ, నిజం చెప్పు. చాలు చేసినవా?"

"చేసిన అన్నా."

అతను నా మొహంలోకి చూశాడు. నూనె చేతులు గుడ్డకు తుడుచుకుని లోపలికి వెళ్లిపోయాడు. అతనికి తెలిసిపోయిందని నాకూ తెలుసు.

బావ ఆ బండిని వచ్చిన ధరకు అమ్మేశాడు. ఇప్పుడు ఎల్బీనగర్‌లో ఎవరిదో బండి మీద డ్రైవర్. నర్సింహ తన బిడ్డ పెళ్లికి పత్రిక పంపితే బావ వెళ్లలేదు. ఇప్పటికీ ఎవరు బండి కొన్నా, "నర్సింహ దగ్గరికి మాత్రం పోకుండ్రి, దోస్తని నమ్మితే ముంచిండు" అంటాడు. పక్కనే కూర్చుని నేను తల ఊపుతాను. అవును, ఊపుతాను. ఎవరూ అడక్కపోయినా.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అడగాల్సింది ఆ ఇద్దరిని, వాళ్ల ముందు నోరు తెరుస్తానన్న నమ్మకం నాకు లేదు. కానీ నర్సింహ చేసిన పనిలో ఏ లోపమూ లేదు. ఆ పంపును పాడుచేసింది నేను. ఈ ముక్క ఐదేళ్లలో మొదటిసారి రాశాను. రాసి, పైకి చదువుకున్నాను. ఈసారి మాట బయటికి వచ్చింది.