నేను గీసిన అరుగు

నన్ను డిజైన్ డైరెక్టర్‌ని చేసిన రోజు ఆఫీసులో అందరికీ మైసూర్‌పాక్ పంచాను. ఆ వారంలోనే నా డ్రాయింగ్ బోర్డు తీసుకెళ్లి స్టోర్ రూంలో గోడకి ఆనించేశారు. "మీకింక దీంతో పనేముంది సార్" అన్నాడు అటెండరు. అతనిది మర్యాదే. నాకు మాత్రం చెయ్యి తీసేసినట్టయింది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. విశాఖపట్నంలో మాది మధ్యరకం ఆర్కిటెక్చర్ సంస్థ. డైరెక్టర్ అంటే ఏం చేస్తాడని మా ఆవిడ అడిగితే సరిగా చెప్పలేకపోయాను. ఇతరులు గీసినవి చూడాలి. బాగుంటే బాగుందనాలి, లేకపోతే ఎందుకు బాగోలేదో చెప్పాలి. క్లయింట్లతో కలిసి భోజనాలు చెయ్యాలి. ప్రతి డ్రాయింగుకీ కింది మూల 'డిజైన్' అన్నచోట నా పేరే ఉంటుంది, పైన గీత ఒక్కటీ నాది కాదు. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

అప్పుడే పాడేరు దగ్గర ఒక కొండ ఊళ్లో ఆడపిల్లల హాస్టలు కట్టాలని మిషన్ వాళ్లు వచ్చారు. ఆ పని మా దగ్గర కొత్తగా చేరిన అమ్మాయికి అప్పగించాను. అప్పగించిన నాటి నుంచీ ఆమె మీద కళ్లలో నిప్పులు పోసుకున్నాను. ఆమె బస్సులో ఘాట్ రోడ్డెక్కి వెళ్లేది, సంచీ నిండా పనసతొనల వాసనతో తిరిగొచ్చేది. అక్కడివాళ్లు ఆమెని 'మా గుంట', అంటే మా పిల్ల, అంటున్నారట. కంప్యూటర్ ముందు కూర్చుని తనలో తను నవ్వుకుంటూ గీసేది. ఆ నవ్వు నాకు తెలుసు. గీత కుదిరినప్పుడు వచ్చే నవ్వు అది. నా గాజు గదిలోంచి అది చూస్తే ఒళ్లు మండిపోయేది. ప్లానులో తప్పులు వెతికేవాణ్ణి. దొరికేవి కావు. దొరకనందుకు ఇంకా మండేది.

స్థలం చూడ్డానికి నేను ఒక్కసారే వెళ్లాను, ఒక ఆదివారం. పాత హాస్టలు గేటు బయట తల్లిదండ్రులు చినుకుల్లో గొంతుక్కూర్చుని ఉన్నారు. పిల్లల్ని చూసుకోవడానికి కొండలు దిగి వచ్చినవాళ్లు. ఒక తల్లి ఉడికించిన చిలగడదుంపలు కొంగులోంచి తీసి పిల్ల చేతిలో పెట్టి, అది తినేదాకా దాని నెత్తి మీద తన అరచెయ్యి అడ్డం పెట్టింది. ఆ కొత్తమ్మాయి ప్లానులో పిల్లలకి అన్నీ ఉన్నాయి, వీళ్లకి చోటు లేదు. ఎట్టకేలకు తప్పు దొరికింది. చెప్పొద్దూ, భలే సంతోషమేసింది.

డైరెక్టర్ అన్నవాడు ఆ మాట ఆమెకు చెప్పి ఊరుకోవాలి. నేను చెప్పలేదు. ఇంట్లో భోజనాల బల్ల మీద ట్రేసింగ్ కాగితం పరిచి, పెన్సిల్ చెక్కుకుని నేనే గీశాను. ముందుగోడ పొడవునా వెడల్పాటి అరుగు. తల్లి ఒళ్లో పిల్ల పడుకుంటే కాళ్లు తడవనంతగా ముందుకు దిగిన చూరు. గంప దించుకోవడానికి ఒక చివర కాస్త ఎత్తు గట్టు. గీస్తూ నాలో నేను నవ్వుకున్నానని మా ఆవిడ చెబితే తెలిసింది. మర్నాడు ఆఫీసులో ఆ కాగితం ఆ అమ్మాయి ముందు పెట్టి, "ఇది ఉన్నదున్నట్టు కలుపు, ఒక్క గీత మార్చొద్దు" అన్నాను. ఆమె చాలాసేపు చూసి, "ఇది నాకు తట్టలేదు సార్" అంది. ఆ మాటని చాలా రోజులు నెమరేసుకున్నాను. మొత్తం కట్టడంలో నాదంటూ అదొక్కటే. అదొక్కటి చాలనుకున్నాను.

హాస్టలు తెరిచిన రోజు ఆ అమ్మాయీ నేనూ వెళ్లాం. ప్రార్థన అయ్యాక జనం గదులన్నీ చూసొచ్చి, చివరికి ఆ అరుగు మీదే చేరారు. ఒక ముసలమ్మ అరుగుని అరచేత్తో తట్టి, ఆ అమ్మాయి గడ్డం పట్టుకుని, "ఇన్నాళ్లకి మాకూ ఓ సోటెట్టినావే గుంటా. మా కట్టం సూసినదానివి కాబట్టి గీసినావు" అంది.

సొమ్మొకడిది, సోకొకడిది. ఆమె గీసిన గదులన్నిటి కిందా నా పేరు పడినప్పుడు మాత్రం ఈ సామెత నాకు గుర్తు రాలేదు. అది నాది అని అరవాలనిపించింది. యాభయ్యేళ్లవాణ్ణి, ఒక అరుగు కోసం.

అరవక్కర్లేకపోయింది. "కాదు మామ్మా, ఈ అరుగు సార్ గీశారు. నాకసలు తట్టనే లేదు" అని ఆ అమ్మాయే గట్టిగా చెప్పింది.

ముసలమ్మ నన్ను నెత్తి నుంచి బూట్ల దాకా చూసి ఫక్కున నవ్వింది. "సార్లు గీత్తారేటే! సంతకాలెడతారు గానీ. పక్కనున్నాడని బయపడి అలగంతన్నావు." అరుగు మీదున్నవాళ్లంతా నవ్వారు. ముసలమ్మ పక్కకి జరిగి, "రా, ఇలగొచ్చి కూకో" అని ఆ అమ్మాయిని చెయ్యి పట్టి కూర్చోబెట్టుకుంది.

నేను నిలబడే ఉన్నానని అప్పుడెవరికో గుర్తొచ్చింది. "సారుకి కుర్సీ తెండ్రా, బేగి!" అని కేకేశాడు. లోపల్నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, తువ్వాలుతో తుడిచి, అరుగుకి ఎదురుగా ఎండలో వేశారు. అందులో కూర్చున్నాను.