జోసఫ్ అంకుల్ మస్టాంగ్‌కి ప్రార్థన

ట్రాయ్‌లోని మా తెలుగు చర్చి పార్కింగ్‌లో కార్లన్నీ ఒకేలా ఉంటాయి. మూడు వరుసల సీట్లు, తెలుపు లేదా బూడిద రంగు. వాటి పక్కన నిలబడి మాట్లాడేదీ ఎప్పుడూ ఒకటే, ఇళ్ల ధరలూ పిల్లల కాలేజీలూ. జోసఫ్ అంకుల్ లేకపోతే నేను అక్కడికి వెళ్లడం ఎప్పుడో మానేసేవాణ్ణి.

ఆయనది పాలకొల్లు. ఇరవై ఆరేళ్లుగా ఇక్కడొక విడిభాగాల కంపెనీలో బ్రేకులు డిజైన్ చేస్తున్నారు. యాభై ఎనిమిదో ఏట ఎర్రటి మస్టాంగ్ జీటీ స్పోర్ట్స్ కారు కొన్నారు. ఎనిమిది సిలిండర్ల ఇంజను, చేత్తో మార్చే గేర్లు. వెనక సీట్లో పట్టేది బైబిలూ గొడుగూ మాత్రమేనని చర్చిలో నవ్వుకున్నారు.

నేనూ వదల్లేదు. లైబ్రరీలో కార్ల పత్రికలన్నీ తిరగేసినవాణ్ణి. సిగ్నల్ దగ్గర ఎలక్ట్రిక్ కారు దీన్ని అవలీలగా దాటిపోతుందని అంకెలతో సహా చెప్పాను. ఆయన కోపగించుకోకుండా వుడ్‌వర్డ్ అవెన్యూ మీదికి తీసుకెళ్లి, మూడో గేరు నుంచి రెండుకి దించి, యాక్సిలరేటర్ తొక్కారు. ఇంజను గొంతు నా పక్కటెముకల్లోకి దిగింది.

"ఆ కార్లో నువ్వు ప్యాసింజరువిరా జూడ్. ఇందులో నీకు పనుంటాది" అన్నారు.

ఆ రోజు నుంచి నేను అంకెలు చెప్పడం మానేశాను.

అయితే ఆయనకు కావలసింది నా ఒప్పుకోలు కాదు. ఆయన భార్య దెబోరా ఆంటీ ఆ కారెక్కాలి. ఆవిడ ఆసుపత్రి ఎమర్జెన్సీలో నర్సు. వేగం మనుషుల్ని ఏ స్థితిలో తెచ్చి పడేస్తుందో వారం వారం చూస్తారు. కారు కొని నెలైనా అందులో కూర్చోలేదు. ఆదివారాలు తన కారులో వెనకాలే వచ్చేవారు.

మా చర్చిలో ఎవరు కొత్త కారు కొన్నా ఆరాధన అయ్యాక పార్కింగ్‌లో ప్రార్థన చేస్తారు. ఆ తర్వాత కుటుంబమంతా ఎక్కి ఒక చుట్టు తిరగాలి. అంకుల్ ఆ చుట్టు మీదే ఆశ పెట్టుకుని, పాస్టర్ లెవిగారు ఇండియా నుంచి తిరిగొచ్చేదాకా ఆగారు.

పాస్టరుగారు బానెట్ మీద చెయ్యి వేసి మొదలుపెట్టారు. మాటమాటకీ అందరికన్నా గట్టిగా ఆమెన్ అన్నది అంకులే. దీన్ని నెమ్మదిగా నడిపే మనసు ఇమ్మని పాస్టరుగారు అడిగినప్పుడు మాత్రం అంకుల్ గొంతు వినపడలేదు. నేను కళ్లు తెరిచి చూశాను. ఆంటీ అప్పటికే తెరిచి చూస్తున్నారు.

ప్రార్థన ముగిసింది. అంకుల్ పక్క సీటు తలుపు తీసి పట్టుకున్నారు. ఆంటీ కదల్లేదు.

"ఏమండీ, ఒక ఆమెన్ మింగేశారు."

"ఏది?"

"నెమ్మదిగా అన్న చోట. అది చెప్పండి, ఎక్కుతాను."

గుంపు నవ్వింది. అంకుల్ నవ్వలేదు. ఉత్తుత్తి ఆమెన్ ఆయన నోటి నుంచి రాదు. అది తెలిసే ఆవిడ అడుగుతున్నారు. ఆయన స్టీరింగ్ వైపు చూశారు, ఆవిడ వైపు చూశారు.

"నువ్వు పక్కనున్నంతసేపూ, ఆమెన్" అన్నారు.

"నేను లేనప్పుడు?"

అంకుల్ పట్టుకున్న తలుపుని ఇంకాస్త వెడల్పుగా తీశారు.

"అప్పుడూ ఆమెన్" అన్నారు చివరికి, మెల్లగా.

ఆంటీ కుచ్చిళ్లు పట్టుకుని వంగి ఎక్కారు. సీటు మరీ కిందికుందని, పీట మీద కూర్చున్నట్టుందని సణిగారు. నాలుగు వందల ఎనభై హార్స్‌పవర్ కారు మొదటి గేరులో, గొంతులోనే గొణుక్కుంటూ, మనిషి నడకతో చర్చి చుట్టూ బయల్దేరింది. ఆచారం ప్రకారం ఒక్క చుట్టే. వాళ్లు మూడు తిరిగారు. లోపల భోజనాలు చల్లారుతున్నా ఎవరూ కదల్లేదు.