మత్తెక్కితేనే మాట

డాక్టర్ పోలారావు గారు మెలకువగా ఉన్నవాళ్ళతో మాట్లాడరు. ఆయన కబుర్లు వినాలంటే ముందు మత్తు ఎక్కించుకోవాలి.

కాశీబుగ్గలో మా నర్సింగ్ హోమ్ ఆపరేషన్ థియేటర్లో నేను నర్సుని. ఆయన మత్తు డాక్టరు. పలాస, టెక్కలి, ఎక్కడ ఆపరేషనుంటే అక్కడికి స్కూటరు మీద వెళ్తారు. పొద్దున్నే "నమస్తే సార్" అంటే తల ఊపుతారు. "టిఫినయిందా సార్?" అంటే "ఊఁ" అంటారు. "ఏం తిన్నారు?" అని అడిగితే బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటారు.

అదే మనిషి, పేషెంటు కళ్ళు మూతపడగానే స్టూలు లాక్కుని చెవి దగ్గరకు వంగుతారు. "అదీ సంగతి, సింహాద్రీ! నువ్వు హాయిగా పడుకో. బయట ఎండ మండిపోతంది. రైల్వే గేటు కాడ మా ఎదురింటాయన కనబడి ఏటన్నాడో తెల్సా..." అని మొదలుపెడతారు. ఎదురింటాయన పనసచెట్టు, గోడ దాటిన కొమ్మ, ఆ కొమ్మకి కాసిన కాయ ఎవరిదన్న తగాదా అన్నీ వచ్చేవి. మధ్యమధ్యలో "కుట్లేత్తన్నారు, బాగానే ఏత్తన్నారు, కంగారు పడకు" అని వార్తలు కూడా. సింహాద్రి ఒక్కసారీ అడ్డు చెప్పలేదు. అంత మంచి శ్రోత బయట దొరకడు మరి.

ఒకసారి ఆయన భార్య సీతారత్నం గారు క్యారేజీ తెచ్చి, తలుపు సందులోంచి ఆ వాగ్ధాటి విని నిలబడిపోయారు.

"ఎవుల్తోనమ్మా అంతసేపు?"

"పేషెంటుతోనండి. నిద్రలో ఉన్నాడు."

ఆవిడ క్యారేజీ నా చేతిలో పెట్టి నిట్టూర్చారు. "పెళ్ళయి ఇన్నేళ్ళయింది. ఈయనతో నాలుగు మాటలాడాలంటే నాను ఏదో ఒకటి కోయించుకోవాలన్నమాట!"

ఈ కబుర్లు అస్సలు గిట్టనిది డాక్టర్ గౌతమి గారికి. చెవి, ముక్కు, గొంతు సర్జను. విజయవాడ నుంచి వచ్చారు. థియేటర్లో కత్తెర చప్పుడు తప్ప మరేదీ వినబడకూడదు ఆవిడకి.

"పోలారావు గారూ, ఆయన నిద్రలో ఉన్నారండీ."

"అవునండి."

"మరి ఎవరికి చెబుతున్నారు?"

అడిగిన మనిషి మెలకువగా ఉన్నారాయె! పోలారావు గారు మానిటరు వైపు తిరిగారు. ఆనక వంగి పేషెంటు చెవిలో, "డాక్టరమ్మకి కోపమొచ్చింది. నెమ్మదిగా మాటాడుకుందాం," అన్నారు.

ఒక మధ్యాహ్నం వజ్రపుకొత్తూరు వైపు నుంచి జోగమ్మ అనే చేపలమ్మే ఆవిడని కూతురు రోజా ఆటోలో తీసుకొచ్చింది. అన్నం తింటుండగా చేపముల్లు గొంతు కింద దిగబడిపోయింది. నీళ్ళు కూడా దిగడం లేదు. అంత నొప్పిలోనూ జోగమ్మ నోరు మూయలేదు. "నా సేపకి ముల్లే నేదని ఊరూరా అరిసి అమ్మినాను. ఆ ముల్లే నన్ను పట్టుకున్నాది సూడు!" అంటూ బల్లెక్కింది.

పోలారావు గారు రెండు మందులిచ్చారు. ఒకటి నిద్రకి. రెండోది కండరాలు వదులు కావడానికి. అది పడ్డాక వేలు కదలదు, రెప్ప లేవదు. ఊపిరి కూడా మనమే అందించాలి. రెండూ కాసేపట్లో దిగిపోయే మందులే. గౌతమి గారు లోపలికి చూసే గొట్టం నోట్లోంచి దించి చిటికెలో ముల్లు లాగేశారు.

కానీ జోగమ్మ లేవలేదు. ఊపిరి తీసుకోలేదు.

"ఇంకా లేవలేదేమండీ?" గౌతమి గారు బల్ల మీదకి వంగారు.

పోలారావు గారు గాలి అందిస్తూనే ఉన్నారు. మానిటర్లో గుండె పరిగెడుతోంది. జోగమ్మ కంటి కొస నుంచి నీటిబొట్టు జారింది. ఆయన అది చూశారు.

"జోగమ్మా, నీకు మెలకువొచ్చేసింది. నాకు తెల్సు. కదల్లేకపోతన్నావు కదా? భయం నేదు. నిద్రమందు దిగిపోనాది, ఒంటిమందు ఇంకా దిగనేదు. కొంతమంది రత్తంలో ఆ మందుని ఇరిసే సరుకు పుట్టుకతోనే తక్కువ. గాలి నాను కొడతన్నాను. ముల్లొచ్చేసింది. రోజా బయటే ఉన్నాది. మళ్ళీ నిద్రమందిత్తన్నాను, పడుకో."

మెలకువగా ఉన్న మనిషితో ఆయన అన్ని మాటలాడటం నేను చూడటం అదే మొదలు.

జోగమ్మ మళ్ళీ నిద్రలోకి జారుకుంది. ఊపిరి పని మెషీనుకి అప్పగించి ఆయన స్టూలు లాక్కున్నారు. ఎన్నాళ్ళనుంచో మేం అడగాలనుకున్నది ఆవిడకి చెప్పారు. "సిన్నప్పుడు నాకు అపెండిక్సు కోసినారు, జోగమ్మా. మజ్జిలో ఇలాగే మెలకువొచ్చేసింది. అరుద్దామంటే నోరు నేదు. సుట్టూ అందరూ క్రికెట్టు గురించి మాటాడుకుంటన్నారు. నాతో ఒక్కలూ మాటాడనేదు. సచ్చిపోనాననుకున్నాను. అందుకే, నిద్రలో ఉన్నా సరే, నా పేషెంటుని ఒంటరిగా వొదిలీను."

గౌతమి గారు చేతి తొడుగులు విప్పుతూ విప్పుతూ ఆగిపోయారు.

పొద్దు వాలేసరికి జోగమ్మ సొంతంగా ఊపిరి తీసింది. ఊపిరి గొట్టం తీశాక ఆవిడ మొదటి మాట, "ఎవులా బాబు?"

నేను చూపించాను.

"నాను సచ్చిపోనాననే అనుకున్నానమ్మా. ఒళ్ళు రాయైపోనాది. అంతలో ఈ బాబు గొంతు ఇనబడ్డాది. యముడైతే ఇంతసేపు వాగడు, ఇది మనిసే, బతికే ఉన్నాననుకున్నాను."

పోలారావు గారు తలొంచుకుని "ఊఁ" అన్నారు.

రక్తంలో ఆ లోటు పుట్టుకతో, వంశంలో వచ్చేది కనుక, ఒళ్ళు వదులు చేసే ఆ మందు ఇవ్వకూడదని రాసిన చీటీ ఆవిడ చేతికిచ్చారు. రోజాకీ, మేనమామలకీ రక్తపరీక్ష చేయించమని చెప్పడానికి వాళ్ళ ఊరు కూడా వెళ్ళారు. చెప్పాల్సింది నాలుగు మాటలే. అవి గుమ్మంలో నిలబడి చెప్పి, టీ కూడా తాగకుండా పారిపోయి వచ్చారట.

మొన్న గౌతమి గారు ఒక కుర్రవాడికి టాన్సిల్సు తీస్తున్నారు. పోలారావు గారు వాడి చెవిలో పెళ్ళి కథ చెబుతున్నారు. బ్యాండు మేళం వాళ్ళు నౌపడలో రైలు మారబోయి వేరే బండి ఎక్కేశారు, ముహూర్తం ముంచుకొస్తోంది. అంతలో మెషీను కూత పెట్టింది. ఆయన కథ ఆపి, పైపు సరిచేసి, మౌనంగా మానిటరు చూస్తూ కూర్చున్నారు.

గౌతమి గారి చెయ్యి ఆగింది. "మేళం వచ్చిందా, లేదా?"

ఆయన "వచ్చిందండి," అని ఊరుకున్నారు.

గౌతమి గారు గడ్డంతో పేషెంటు వైపు చూపించారు.

"నాకు కాదండీ. వాడికి చెప్పండి."