భిక్షపతి సార్ జింక కొమ్ములు

హైదరాబాద్ పాతబస్తీ జహనుమాలో ఆ గల్లీకి నీళ్లు వదిలేవాడు భిక్షపతి. ఉద్యోగమంతా అదే పని. రోజు విడిచి రోజు పొద్దున్నే ఇనుప రాడు భుజాన వేసుకుని వచ్చేవాడు. రోడ్డు మధ్య గుంతలో రాడు దించి వాల్వు తిప్పేవాడు. నల్లాల్లో ముందు గాలి వచ్చేది, తర్వాత ఎర్రనీళ్లు, ఆ తర్వాత నీళ్లు.

వదిలినందుకు కాదు, ఆపగలిగినందుకు అతనికి మర్యాద దక్కింది. ఎప్పుడు కట్టేస్తాడో తెలియదు గనుక గల్లీ అంతా అతన్ని సార్ అనేది. దావత్‌లలో మటన్ వడ్డించేవాళ్లు గిన్నె అడుగు దాకా వెతికి, మూలుగు నిండిన నల్లి బొక్క తీసి అతని విస్తరిలో వేసేవారు. అతను ఎన్నడూ అడగలేదు. వద్దని కూడా అనలేదు.

రిటైరైన నెలలోనే పక్కింటి డానియేలు తన కూతురి నిశ్చితార్థం చేశాడు. భిక్షపతి ముందు వరుసలో కూర్చున్నాడు. నల్లి బొక్క అతని ముందు నుంచే గరిటెలో సాగిపోయి, వెనక వరుసలో నగేష్ విస్తరిలో పడింది. నగేష్ కొత్త వాల్వు మనిషి. ఇంకా మీసం సరిగా రాలేదు. డానియేలు అతని దగ్గర వంగి, ఇంకొంచెం వేసుకోండి సార్ అన్నాడు. తర్వాత భిక్షపతి వైపు తిరిగాడు.

"తిను అన్నా. సిగ్గువడకు."

అన్నా అనడం తప్పు కాదు. ప్రేమతోనే అన్నాడు. ఆ ప్రేమ తనకు అక్కర్లేదని భిక్షపతి ఇంటికి వచ్చి భార్య కాశమ్మతో చెప్పాడు.

రిటైర్మెంటు సభలో ఆఫీసు వాళ్లు అతనికి శాలువా కప్పలేదు. ఇప్పుడు శాలువాలు పోయి మొక్కలొచ్చాయి. అతనికి ఇచ్చింది కుండీ మొక్క కూడా కాదు. ఒక చెక్క పలక. పలక మీద కొబ్బరి పీచు. పీచుకు అతుక్కుని ఒక గుండ్రటి ఆకు. దాని మధ్య నుంచి చీలికలు చీలికలుగా, జింక కొమ్ముల్లా వేలాడే పచ్చటి ఆకులు. మట్టి లేదు, పువ్వు లేదు, కాయ లేదు. చాలా రోజులు అది బాత్రూం పక్కన గోడకు ఆని ఉంది. చీపురుకు అడ్డం వస్తోందని కాశమ్మ దాన్ని గేటు పక్క గోడకు, నీడ పడే చోట, ఖాళీగా ఉన్న మేకుకు తగిలించింది.

మొదట ఆగి చూసింది డానియేలే.

"ఏందన్నా, జింకను గొట్టినవా?"

"మొక్క."

"మొక్కకు కొమ్ములెట్ల మొలిచినయి?"

"అందరిండ్లల్ల మొలవయి," అన్నాడు భిక్షపతి.

ఆలోచించి అన్న మాట కాదు. కానీ పనిచేసింది. బార్కస్ నుంచి జామకాయల బండి తోసుకొచ్చే మనిషి ఆగి చూసి, నవాబుల పాత భవంతుల్లో, ఆ దేవిడీల్లో, గోడలకు ఇట్లాంటి కొమ్ములే ఉండేవన్నాడు. అతను దేవిడీ లోపలికి ఎన్నడూ పోలేదు. అయినా ఆ మాట గల్లీ చివరి దాకా నడిచింది. చుట్టాలు వస్తే తీసుకొచ్చి చూపించసాగారు. భిక్షపతి లుంగీ మాని ప్యాంటు వేసుకున్నాడు. గేటు దగ్గర కుర్చీ వేసుకున్నాడు. ఒకరోజు డానియేలు మరిచిపోయి మళ్లీ సార్ అన్నాడు.

కొన్నాళ్లకు ఆ గుండ్రటి ఆకు గోధుమరంగుకు తిరిగింది. ఆ జాతికి అది స్వభావం. ఆకు ఎండి, వేళ్లను కప్పుకుని, అట్లాగే ఉండిపోతుంది. భిక్షపతికి తెలిసింది ఒక్కటే: ఎండిందంటే నీళ్లు అందలేదు. ఎండిన బిందెల ముందు నిలబడిన అనుభవం అతనికి ఉంది. అప్పుడెన్నడూ తొందరపడలేదు. ఇప్పుడు తొందరపడ్డాడు.

నల్లాకు పైపు తగిలించి పలక మీద ధార పెట్టాడు. నీళ్లు రాని రోజు డ్రమ్ములోంచి చెంబుతో పోశాడు. ఆకు పచ్చబడలేదు. ప్రెషర్ చాలడం లేదని పైపు మూతికి బొటనవేలు అడ్డం పెట్టాడు. దిష్టి తగిలిందని ఎవరో అంటే నిమ్మకాయ, మిరపకాయలు కట్టాడు. కట్టి, వాటి మీద కూడా పోశాడు.

కొమ్ముల మొదళ్లు నల్లబడ్డాయి. ఒకటి ఊడి గేటు ముందు పడింది. ఎవరూ చూడకముందే తీసి ప్యాంటు జేబులో పెట్టుకున్నాడు. సాయంత్రానికి డానియేలు వచ్చి, ఒక కొమ్ము తక్కువైందేంది అన్నా అని అడిగాడు. భిక్షపతికి కొమ్ము పోయినదాని కంటే ఆ చివరి మాట ఎక్కువ గుచ్చుకుంది. చూడ్డానికి వచ్చేవాళ్లు తగ్గారు. కుర్చీ ఉంది, ప్యాంటు ఉంది.

ఈలోగా గోడ లోపలి వైపు, వంటింట్లో, చెమ్మ ఎక్కింది. సున్నం పెచ్చులూడి కాశమ్మ బియ్యం డబ్బాలో పడింది. ఆమె బయటికి వచ్చి పైపు లాగేసింది.

"బస్తీకి నీళ్లు బంజేసినప్పుడు నీ చెయ్యి వణకలే. దీనికెందుకు వణుకుతున్నది?"

"సచ్చిపోతది కాశమ్మా."

"సావనియ్యి. గోడ నాది."

పైపు చుట్టి సజ్జ మీదికి విసిరింది. పలకను గాలి తగిలే మెట్ల కింద వేలాడదీసింది. భిక్షపతి అటు చూడలేక కొన్నాళ్లు ఇంటి వెనక తలుపు నుంచి రాకపోకలు సాగించాడు.

గోడ ఆరింది. నల్లబడినవి ఎండి రాలిపోయాయి. మిగిలిన రెండు కొమ్ముల మధ్య నుంచి తెల్లటి నూగుతో చిన్న కొమ్మొకటి తల ఎత్తింది. కాశమ్మ ఆరిన గోడను చూసి సున్నం వేసే మనిషికి కబురు పెట్టింది. భిక్షపతి కొమ్మును చూశాడు. పలక మళ్లీ గేటు పక్కకు వచ్చింది. నీళ్లు తానే బంద్ చేశానని, అందుకే లేచి నిలబడిందని అతను గల్లీకి చెప్పాడు. గోడ సంగతి చెప్పలేదు.

ఇప్పుడు జనం తమ మొక్కల జబ్బులతో వస్తున్నారు. ఆకులు ముడుచుకున్న తులసి, మొగ్గ రాలే గులాబీ, పసుపుపచ్చబడ్డ మనీప్లాంటు. అన్నిటికీ అతని దగ్గర ఒకటే మందు: నీళ్లు బంద్. ఎండాకాలం ముదిరింది. మొక్కలు ఎండాయి. వాటిని పోగొట్టుకున్నవాళ్లు తమ హస్తవాసి మంచిది కాదనుకున్నారు గానీ అతన్ని ఏమీ అనలేదు. పైగా మిగిలినవి కూడా చూపించారు. కాశమ్మ మాత్రం బట్టలుతికిన రోజు, దుమ్ము పోతుందని, పలకను బకెట్లో ముంచి తీసి ఆరేస్తుంది. ఆ కొమ్ములు బాగానే ఉన్నాయి.

భిక్షపతి పొద్దున్నే గల్లీ తిరుగుతాడు. మొన్న డానియేలు గేటు తీసి పట్టుకుని నిలబడ్డాడు. వాకిట్లో కరివేపాకు చెట్టు పుల్లలుగా మిగిలింది.

"సార్," అన్నాడు డానియేలు మెల్లగా, "ఇప్పుడన్న జరన్ని నీళ్లు వొయ్యాల్నా?"

భిక్షపతి వంగి మట్టిని వేలితో నొక్కాడు. వేలు దిగలేదు.

"ఇంకో రెండు రోజులు చూద్దాం," అన్నాడు.